బుల్సారా ఇంటి అబ్బాయి

మన గోడపత్రికలో జీవిత కథ అంటే గురజాడ, ఘంటసాల, దుర్గాబాయమ్మ. అందరూ మనకి కావలసినవాళ్ళే. ఈ నెల నా వంతు వచ్చింది. ఒక రాక్ పాటగాడి గురించి రాస్తానని చెప్తే మేడమ్ కాసేపు ఆలోచించి, తెలుగులో రాసేటట్టయితే రాయమన్నారు. రాస్తున్నాను. తప్పులుంటే నావి.

ఆయన్ని లోకమంతా ఫ్రెడ్డీ మెర్క్యురీ అంటుంది. క్వీన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌లో ముందు నిలబడి పాడేవాడు. అసలు పేరు ఫరూఖ్ బుల్సారా. 1946 సెప్టెంబర్ 5న ఆఫ్రికా పక్కన ఉన్న జాంజిబార్ దీవిలో పుట్టాడు. నాయన బోమి, అమ్మ జెర్. పార్సీలు. బోమి అక్కడి బ్రిటిష్ ప్రభుత్వంలో క్యాషియర్. వాళ్ళ మూలం గుజరాత్‌లోని బుల్సార్, ఇప్పుడు వల్సాడ్ అంటారు. ఊరి పేరే ఇంటిపేరయింది.

ఈ ముక్క చదివినప్పుడే నాకు ఈయన మీద మనసు పడింది. మా ఇంటిపేరు కూడా ఒక ఊరి పేరే. ఆంధ్రాలో ఎక్కడో ఉందంట. మా అవ్వ చూడలేదు, మా నాయన చూడలేదు. ఇక్కడ ధర్మపురిలో పేరు ముందర నాయన పేరు మొదటి అక్షరం ఒక్కటే వేస్తాము కదా, అందుకని నా సర్టిఫికెట్లలో ఎక్కడా ఆ ఊరు లేదు. మా అమ్మది తమిళం, నాయనది తెలుగు. ఇంటిపేరు మా అవ్వ నోట్లో మాత్రమే బతికి ఉంది.

సరే, ఫరూఖ్ దగ్గరికి వస్తాను. ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి ఓడెక్కించి ఇండియాకి పంపించారు. మహారాష్ట్రలో పంచగని కొండల మీద సెయింట్ పీటర్స్ అనే బోర్డింగ్ స్కూల్. ఇక్కడే అతనికి ఫ్రెడ్డీ అని పేరు వచ్చింది. ఇక్కడే పియానో నేర్చుకున్నాడు. పన్నెండేళ్ళకి నలుగురు స్నేహితులతో కలిసి ది హెక్టిక్స్ అని బ్యాండ్ పెట్టాడు. ఇందులో తమాషా ఏమంటే, అందులో ముందు నిలబడి పాడింది ఇతను కాదు. ఇతను పియానో దగ్గర కూర్చునేవాడు. పాడేది వేరే అబ్బాయి. పై దవడలో నాలుగు పళ్ళు ఎక్కువ ఉండటం వల్ల ముందు పళ్ళు బయటికి వచ్చి ఉండేవి. అందరూ ఎగతాళి చేసేవాళ్ళు, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. పెద్దయ్యి డబ్బులు వచ్చాక కూడా ఆ పళ్ళు తీయించుకోలేదు, తీస్తే గొంతు మారిపోతుందేమో అని భయం.

1964 జనవరిలో జాంజిబార్‌లో తిరుగుబాటు వచ్చింది. వేలమంది చచ్చిపోయారు. బుల్సారా కుటుంబం చేతికి అందింది తీసుకుని లండన్ చేరింది. విమానాశ్రయం దగ్గర ఫెల్తమ్ అనే చోట చిన్న ఇల్లు. ఫ్రెడ్డీకి పదిహేడేళ్ళు. అంటే మనకంటే చిన్నవాడు. ఆ విమానాశ్రయంలోనే కొన్నాళ్ళు సామాన్లు మోశాడు. ఈలింగ్ ఆర్ట్ కాలేజీలో గ్రాఫిక్ డిజైన్ చదివి 1969లో డిప్లొమా తీసుకున్నాడు. కెన్సింగ్టన్ మార్కెట్లో డ్రమ్ములు వాయించే రోజర్ టేలర్‌తో కలిసి అంగడి పెట్టి పాత బట్టలు అమ్మాడు. మధ్యలో రెండు మూడు బ్యాండ్లలో పాడాడు, ఏదీ నిలవలేదు.

రోజర్ టేలర్, గిటార్ వాయించే బ్రయాన్ మే అప్పటికే స్మైల్ అని ఒక బ్యాండ్ నడిపేవాళ్ళు. వాళ్ళ పాటగాడు 1970లో మానేశాడు. ఆ జాగాలోకి ఫ్రెడ్డీ వచ్చాడు. వస్తూనే బ్యాండ్ పేరు మార్చి క్వీన్ అన్నాడు. తన పేరూ మార్చుకున్నాడు. బుల్సారా పోయి మెర్క్యురీ వచ్చింది. మెర్క్యురీ అంటే బుధగ్రహం. మరుసటి ఏడు బేస్ గిటార్ వాయించే జాన్ డీకన్ చేరాడు, ఇంక చివరిదాకా ఆ నలుగురే. బ్యాండ్ ముద్ర కూడా ఫ్రెడ్డీనే గీశాడు. నలుగురి రాశులూ అందులో ఉంటాయి: రెండు సింహాలు, ఒక ఎండ్రకాయ, కన్యారాశికి ఇద్దరు దేవకన్యలు. ఆ కన్యారాశి ఆయనదే. మా అవ్వకి ఇది చెప్తే, జాతకం తెలిసినవాడే అయితే అని మెచ్చుకుంది.

1975లో బొహీమియన్ రాప్సడీ వచ్చింది. దాదాపు ఆరు నిమిషాల పాట. అంత పొడుగు పాట రేడియోలో వేయరని కంపెనీవాళ్ళు భయపడ్డారు. మెల్లగా మొదలయ్యి, నడుమ నాటకం మాదిరి మారి, తరువాత రాక్ అయ్యి, మళ్ళీ మెల్లగా ముగుస్తుంది. మన హరికథలో దాసుగారు పాట, మాట, ఆట అన్నీ ఒక్కరే చేసేస్తారు చూడండి, నాకు అదే గుర్తొచ్చింది. నడుమ వచ్చే పెద్ద గుంపు గొంతులన్నీ ముగ్గురివే, ఒకదాని మీద ఒకటి రికార్డ్ చేస్తూ పోతే టేపు అరిగిపోయి అవతలి వెలుతురు కనబడిందంట. ఇంగ్లండ్‌లో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది.

నడుమ పదేళ్ళు పేరు, డబ్బు, ఊరూరా కచేరీలు, పెద్ద విందులు. ఇది సినిమాలో చూసే ఉంటారు, నేను రాయను.

ఆయన ఒంటరిగా చేసిన పాటల గురించి మాత్రం రాయాలి. బ్యాండ్‌లో నలుగురూ పాటలు రాసేవాళ్ళు, నలుగురూ పోట్లాడేవాళ్ళు. ఏ పాట ఉండాలి, ఏది తీసేయాలి అని ప్రతిదానికీ పంచాయతీ. 1985 ఏప్రిల్లో తన సొంత ఆల్బమ్ మిస్టర్ బ్యాడ్ గై విడుదల చేశాడు. జర్మనీలో మ్యూనిక్‌లో రికార్డ్ చేశాడు. దాన్ని తన పిల్లి జెర్రీకి, పిల్లుల్ని ప్రేమించే అందరికీ అంకితం ఇచ్చాడు! మనవాళ్ళు కావ్యాలు రాజులకి ఇచ్చారు, దేవుళ్ళకి ఇచ్చారు, పిల్లికి ఇచ్చినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఇంగ్లండ్‌లో ఆరో స్థానం దాకా వెళ్ళింది కానీ క్వీన్ మాదిరి అమ్ముడుపోలేదు. నాకు కూడా అందులో సగం పాటలు నచ్చలేదు. పోట్లాడేవాళ్ళు పక్కన లేకపోతే పాట పలుచబడుతుందేమో.

మూడు నెలలకే, 1985 జూలై 13న, ఇథియోపియా కరువు కోసం లైవ్ ఎయిడ్ కచేరీ జరిగింది. వెంబ్లీ స్టేడియంలో డెబ్బై వేల పైన జనం. ఒక్కో బ్యాండ్‌కి ఇరవై నిమిషాలే. సగం కర్రే ఉన్న మైకు పట్టుకుని ఆయన స్టేజీ మీద పరిగెత్తాడు. ఒకప్పుడు కచేరీ నడుమ స్టాండు విరిగిపోతే, ఆ ముక్కతోనే పాడి, అప్పటినుంచి అదే అలవాటు చేసుకున్నాడు. ఆయన ఒక ఆలాపన చేస్తే స్టేడియమంతా తిరిగి అదే పాడింది. ఆ వీడియో మా హాస్టల్ స్నేహితురాళ్ళకి చూపిస్తే, భాష తెలియనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

సొంతంగా చేసిన వాటిలో నాకు ఇష్టమైంది బార్సిలోనా. 1983లో లండన్‌లో మోంత్సెరాత్ కబాయే అనే స్పెయిన్ ఒపెరా గాయనిని విని పిచ్చివాడైపోయాడు. 1987లో బార్సిలోనాలో ఒక హోటల్లో ఆమెని కలిశాడు. వేలమంది ముందు భయపడని మనిషి ఆ రోజు వణికాడంట. ఇద్దరూ కలిసి ఒక ఆల్బమ్ పాడారు, 1988లో వచ్చింది. శాస్త్రీయం పాడే ఆమె, రాక్ పాడే ఈయన, ఒకరు ఇంకొకరి మాదిరి పాడటానికి చూడలేదు. అందుకే బాగుందని నా అభిప్రాయం.

ఆ 1987లోనే ఆయనకి ఎయిడ్స్ అని తెలిసింది. చివరి ఏళ్ళలో ఆయనకి తోడుగా ఉన్నది జిమ్ హట్టన్ అనే మగమనిషి. అంతకుముందు కొన్నేళ్ళు మేరీ ఆస్టిన్ అనే ఆమెతో ఉన్నాడు, ఆమె చివరిదాకా స్నేహితురాలే. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. పాత బట్టల అంగడి గురించి రాసి, చావు దగ్గర కూర్చున్న మనిషి గురించి రాయకపోతే అది జీవిత కథ ఎట్లా అవుతుంది?

జబ్బు సంగతి బయటికి చెప్పలేదని కొందరికి ఆయన మీద కోపం. చెప్పి ఉంటే ఇంకా చాలామందికి ధైర్యం వచ్చేదని అంటారు. నిజమే కావచ్చు. కానీ ఆ కాలం గుర్తు చేసుకోండి. మన దేశంలో మొదటి హెచ్‌ఐవి కేసులు 1986లో మన మద్రాసులోనే బయటపడ్డాయి, డాక్టర్ సునీతి సోలొమన్ వాళ్ళు కనిపెట్టారు. అప్పుడు ఆ జబ్బుకి పేరుంది గానీ బతికించే మందు లేదు. రోగిని తాకడానికి కూడా జనం భయపడేవాళ్ళు. ఆయన ఇంటి ముందు రాత్రీ పగలూ పత్రికలవాళ్ళు కెమెరాలు పెట్టుకుని కాచుకున్నారు. అట్లాంటప్పుడు తలుపు మూసుకున్న మనిషిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

పాట మాత్రం ఆపలేదు. 1991లో నిలబడటానికి కూడా కష్టమైన స్థితిలో స్విట్జర్లాండ్‌లోని మోంట్రోలో స్టూడియోకి వెళ్ళి, చేతనైనన్ని పాటలకి గొంతు ఇచ్చి వచ్చాడు. మిగతా ముగ్గురూ వాటికి సంగీతం పూర్తి చేసి 1995లో విడుదల చేశారు. నవంబర్ 23న తనకి ఎయిడ్స్ ఉందని ప్రకటన ఇచ్చాడు. మరుసటి రోజే, 1991 నవంబర్ 24న, లండన్లో తన ఇంట్లో పోయాడు. నలభై అయిదేళ్ళు. మరుసటి ఏడు బార్సిలోనాలో ఒలింపిక్స్ జరిగితే ఆ పాట మళ్ళీ లోకమంతా విన్నది, పాడినవాడు లేడు.

పేరు మార్చుకున్నాడు, పంచగని గురించి, జాంజిబార్ గురించి పత్రికలవాళ్ళకి ఎక్కువ చెప్పలేదు. కానీ ఫెల్తమ్‌లో ఆ చిన్న ఇంటికి వెళ్తే అమ్మ చేతి వంట తినేవాడు, అక్కడ ఆయన ఫరూఖే. అంత్యక్రియలు పార్సీ పురోహితులు వాళ్ళ పాత భాషలో మంత్రాలు చదివి చేశారు. రాక్ పాటగాళ్ళందరూ ఆ భాష ఒక్క ముక్క అర్థం కాకుండా కూర్చుని విన్నారు.

ఇదంతా రాసి మా అవ్వకి చదివి వినిపించాను. పాట వింటావా అంటే బార్సిలోనా పెట్టమంది, మొత్తం విన్నది. అయ్యాక, ఆ బుల్సార్ ఊరు ఇప్పటికీ ఉందా అని అడిగింది. ఉంది, రైల్వే స్టేషన్ కూడా ఉందని చెప్పాను. అయితే మన ఊరికి కూడా స్టేషన్ ఉందేమో నీ ఫోన్లో చూడమంది. చూస్తూ ఉన్నాను, ఆ పేరుతో మూడు ఊళ్ళు ఉన్నాయి.