జాన్ మాకింటైర్

జాన్ మాకింటైర్ (1857 - 1928) స్కాట్లాండుకు చెందిన వైద్యుడు, కంఠవ్యాధుల నిపుణుడు, రేడియాలజీ శాస్త్రమునకు ఆద్యులలో ఒకడు. ఈయన 1896లో గ్లాస్గో రాయల్ ఇన్ఫర్మరీ అను బోధనాసుపత్రిలో ఎక్స్-రే విభాగమును నెలకొల్పాడు. ప్రపంచములో ఒక ఆసుపత్రిలో ఏర్పడిన మొట్టమొదటి ఎక్స్-రే విభాగముగా దీనిని పరిగణిస్తారు.

తొలి జీవితము

మాకింటైర్ గ్లాస్గో నగరములో జన్మించాడు. వైద్యవిద్యకు పూర్వము విద్యుత్ పనిలో శిక్షణ పొందాడు. 1882లో గ్లాస్గో విశ్వవిద్యాలయము నుండి వైద్య పట్టా పొంది, తరువాత లండన్, పారిస్, వియన్నా నగరాలలో చదువు కొనసాగించాడు. రాయల్ ఇన్ఫర్మరీలో కంఠవ్యాధుల చికిత్సతో పాటు విద్యుత్ చికిత్సా విభాగపు బాధ్యతలు కూడా చేపట్టాడు. చిన్ననాడు నేర్చిన పని ఈయనకు ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఎక్స్-రే విభాగము

1895 చివరలో జర్మనీలో విల్హెల్మ్ రాంట్జెన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. రాంట్జెన్ పంపిన పరిశోధనా పత్రము గ్లాస్గోలోని లార్డ్ కెల్విన్ కు చేరింది. కెల్విన్ మొదట దీనిని నమ్మలేదు. ఆయన మేనల్లుడు జేమ్స్ బాటమ్లీ, లార్డ్ బ్లిత్స్‌వుడ్ లతో కలిసి మాకింటైర్ ప్రయోగాలు ప్రారంభించాడు. విద్యుత్ పరికరాలు, వాటిని నడుపగల వైద్యుడు, పరీక్ష అవసరమైన రోగులు, ఫలితమును శస్త్రచికిత్సలో సరిచూడగల వైద్యులు, ఇవన్నీ ఆ ఆసుపత్రిలో అప్పటికే ఒకేచోట ఉన్నందున కొద్ది నెలలలోనే విభాగము ఏర్పడగలిగింది.

పరిశోధనలు

1896లోనే మాకింటైర్ ఒక రోగి మూత్రపిండములోని రాయిని ఎక్స్-రే చిత్రములో చూపాడు. ఆ తరువాత జరిగిన శస్త్రచికిత్స దానిని నిర్ధారించింది. ఒక పసిబిడ్డ అన్నవాహికలో చిక్కుకున్న అర్ధ పెన్నీ నాణెమును కూడా ఈయన చిత్రించాడు. అంతవరకు ఎముకలు, లోహపు ముక్కల వరకే ఉపయోగపడుననుకొన్న ఎక్స్-రే, లోపలి అవయవాల వ్యాధులకు కూడా పనికివచ్చునని మూత్రపిండపు చిత్రము తెలియజేసింది.

1897లో ఈయన కప్ప కాలి కదలికను ఎక్స్-రే చలనచిత్రముగా రూపొందించి లండన్ రాయల్ సొసైటీలో ప్రదర్శించాడు. ఒక్కొక్క చిత్రమును విడివిడిగా తీసి, వాటిని వరుసగా చూపుట ద్వారా ఇది సాధ్యమైనది. ఆనాటి కిరణాల బలహీనత వలన చిత్రమునకు ఎక్కువ సమయము పట్టేది. ఈ కాలమును తగ్గించుటకు మాకింటైర్ ఎంతో కృషి చేశాడు. తరువాతి కాలములో మానవ హృదయ స్పందనను, జీర్ణాశయపు కదలికలను కూడా చిత్రించాడు. 1902లో విద్యుత్ విభాగమునకు మరింత విశాలమైన భవనము ఏర్పడింది.

ఇతర విశేషాలు

మాకింటైర్ కంఠవ్యాధులపై అధ్యాపకునిగా కూడా పనిచేశాడు. 1898లో రచయిత జోసెఫ్ కాన్రాడ్ గ్లాస్గో వచ్చినప్పుడు ఈయన ఇంట ఎక్స్-రే పరికరమును స్వయముగా చూశాడు.

మరణము, స్మృతి

మాకింటైర్ 1928లో మరణించాడు. ఈయన తీసిన ఎక్స్-రే చలనచిత్రము స్కాట్లాండు జాతీయ గ్రంథాలయములో భద్రపరచబడి ఉంది. రోగుల సేవ, బోధన, పరిశోధన మూడూ ఒకే విభాగములో సాగించు పద్ధతికి ఈయన కృషి తొలి ఉదాహరణలలో ఒకటి.