చీపురు పట్టిన బాబా

సైన్సు విద్యార్థులం కదా, చేసి చూపిస్తేగాని ఏదీ నమ్మం. అందుకేనేమో సాధువులందరిలోకీ నాకు గాడ్గే బాబా అంటే గురి.

అసలు పేరు దేబూజీ. 1876లో మహారాష్ట్రలోని అమరావతి జిల్లాలో (మన అమరావతి కాదు) చాకలి కుటుంబంలో పుట్టారు. తాగుడు తండ్రిని పొట్టన పెట్టుకుంది. మేనమామ ఇంట్లో పశువులు కాస్తూ, అరక దున్నుతూ పెరిగారు. బడి మొహం చూడలేదు. చివరికి మేనమామ పొలం షావుకారు అప్పు కింద పోయింది. కాగితం మీద వేలిముద్ర పడ్డాక పంట ఎవరిదవుతుందో మాలాంటి రైతు ఇళ్ళలో వేరే చెప్పనక్కర్లేదు!

1905లో ఇల్లు విడిచారు. ఒంటిమీద అతుకుల గుడ్డలు, చేతిలో చీపురు, ఒక మట్టిపాత్ర. గాడ్గే అంటే ఆ పాత్రే. ఏ ఊరు వెళ్ళినా ముందు వీధులూ, మురుగుకాలవలూ బాగుచేసేవారు. మాటలన్నీ రాత్రి కీర్తనలోనే. మన హరికథ లాంటిదే అనుకోండి, కాని అందులో కథకన్నా ప్రశ్నలెక్కువ. జంతుబలి, సారా, అంటరానితనం, అప్పుచేసి పెట్టే పెళ్ళివిందులు తప్పని జనం నోటే చెప్పించేవారు. కాళ్ళకు మొక్కనిచ్చేవారు కాదు.

జనమిచ్చిన డబ్బుతో నాసిక్, పంఢరపురాల్లో ధర్మశాలలు లేచాయి, పల్లెల్లో బడులు వెలిశాయి. పంఢరపురంలో అంటరానివాళ్ళుగా చూడబడిన యాత్రికుల కోసం కట్టించిన సత్రాన్ని తర్వాత అంబేద్కర్ విద్యాసంస్థకు అప్పగించారు.

అంబేద్కర్ పోయిన పద్నాలుగు రోజులకే, 1956 డిసెంబరు 20న, తిరుగుతూ తిరుగుతూనే అమరావతి దగ్గర కన్నుమూశారు. 1983లో అక్కడ వెలసిన విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే. అక్కడి డిగ్రీ పట్టాల మీద ఆ బడికెళ్ళని మనిషి పేరు అచ్చవుతోంది.