నిధి లేని నిధికథ

ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగాన, పిరెనీ పర్వతాలకు చేరువలో, రెన్-ల-షాతో అనే చిన్న కొండగ్రామం ఉన్నది. 1885లో అక్కడి దేవాలయానికి గురువుగా వచ్చిన బెరాంజే సోనియేర్ పేరు నేడు అనేక దేశాలలో వినబడుతుంది. అతడు గ్రంథాలు రచించి కీర్తి పొందినవాడు కాడు. మహాకార్యాలు సాధించినవాడూ కాడు. పేద గ్రామగురువుకు అంత ధనం ఎక్కడిదన్న ఒక్క ప్రశ్నయే అతనిని లోకవిఖ్యాతుని చేసింది.

సోనియేర్ 1852 ఏప్రిల్ 11న సమీపంలోని మోంతాజెల్ గ్రామంలో జన్మించినాడు. 1879లో గురుపట్టం పొందినాడు. రెన్-ల-షాతోకు వచ్చేనాటికి అక్కడి మగ్దలా మరియమ్మ దేవాలయం శిథిలావస్థలో ఉన్నది. అతడు విరాళాలు కూర్చి దానిని క్రమంగా బాగుచేయించినాడు. తీర్థజలపు తొట్టిని మోస్తున్న సైతాను బొమ్మను ద్వారం చెంత నిలిపినాడు. అనంతరం భూములు కొని, బెతానియా అనే భవనమూ, ఉద్యానమూ, గ్రంథాలయం కోసం మగ్దలా బురుజూ నిర్మించినాడు. ఆ భూములన్నీ అతని ఇంటిపనులు చూచే మరీ దెనార్నో పేరిట కొన్నవే.

సామాన్య గురువు జీతంతో ఇంతటి వైభవం అసాధ్యం. అందుచేత కథలు పుట్టినవి. దేవాలయంలోని పాత స్తంభంలో రహస్యపత్రాలు దొరికినవనీ, వాటి ఆధారంతో పూర్వరాజుల నిధిని కనుగొన్నాడనీ జనం చెప్పుకొన్నారు. మరణం చుట్టూ మరికొన్ని కథలు అల్లుకొన్నవి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి మరీ ముందుగానే శవపేటిక చేయించిందట. అవసానవేళ అతని పాపసంకీర్తనం విన్న గురువు పాపక్షమ నిరాకరించినాడట. ఆనాటి నుండి ఆ గురువు ముఖాన నవ్వే కనబడలేదట.

నిజం ఇంత చిత్రమైనది కాదు. కాని ఇంతకంటె విషాదకరమైనది. కతోలిక సంప్రదాయంలో భక్తులు తమ కోర్కెలకై, మృతుల ఆత్మశాంతికై పూజ చేయించి గురువుకు కానుక ఇస్తారు. గురువు సాధారణంగా దినానికి ఒక పూజకే కానుక తీసికోవచ్చును. సోనియేర్ మతపత్రికలలో ప్రకటనలు ఇచ్చి, తాను జీవితకాలంలో చేయజాలనన్ని పూజలకు దూరప్రాంతాల నుండి సొమ్ము రాబట్టినాడు. స్వయంగా వ్రాసుకొన్న లెక్కల పుస్తకాలే అందుకు సాక్ష్యం.

కర్కసోన్ కొత్త బిషప్ బోసెజూర్ లెక్కలు అడిగినాడు. 1909లో మరొక గ్రామానికి బదిలీ చేస్తే సోనియేర్ వెళ్లక రాజీనామా ఇచ్చినాడు. విచారణలో సుమారు 1,93,000 ఫ్రాంకులు ఖర్చు చేసినట్లు తెలిపినాడు. ఆదాయమార్గాన్ని మాత్రం తృప్తికరంగా నిరూపించలేకపోయినాడు. 1911లో మతన్యాయస్థానం అతనిని గురుకార్యాల నుండి తొలగించింది. చివరి సంవత్సరాలు అప్పులతో గడిచినవి. నిధి ఉన్నవాడు అప్పు చేయవలసిన అవసరమేమి?

1917 జనవరి 22న సోనియేర్ మరణించినాడు. శవపేటిక రహస్యం కూడా రశీదులోని ఒక అక్షరభ్రమ మాత్రమే: జూన్ నెల తేదీని జనవరిగా చదివినందున, మరణానంతరం చెల్లించిన సొమ్ము మరణానికి ముందే చెల్లించినట్లు కనబడింది.

మరీ మాత్రం ఆ భవనాన్ని విడువలేదు. 1946లో నోయెల్ కోర్బు అనే వ్యాపారి ఆ ఆస్తిని కొన్నాడు. ఆమె 1953లో కన్నుమూసింది. కోర్బు అక్కడ భోజనశాల తెరచి, 1956లో ఒక దినపత్రిక ద్వారా నిధికథను ప్రచారం చేసినాడు. తరువాత పియేర్ ప్లాంటార్, అతని మిత్రులు కృత్రిమ పత్రాలు సృష్టించి కథకు ప్రాచీనత కల్పించినారు. 1967లో వచ్చిన ఒక గ్రంథం దానిని దేశమంతటా వ్యాపింపజేసింది. నిధివేటగాళ్ల తాకిడికి 1965లోనే గ్రామంలో త్రవ్వకాలు నిషేధించవలసివచ్చింది. 2004లో సోనియేర్ అస్థికలను సైతం శ్మశానం నుండి ఉద్యానంలోకి మార్చినారు.

గునపంతో నేలను త్రవ్వినవారు ఎందరో. లెక్కల పుస్తకాన్ని ఓపికతో చదివినవారు కొందరే. దూరాన ఎందరో భక్తులు తమ మృతుల కోసం పంపిన చిన్నచిన్న కానుకలు ఆ బురుజులో రాళ్లుగా నిలిచినవి. కథ వారిని మరచింది, లెక్క మరువలేదు.