సేవామూర్తి డాక్టర్ అన్నా సారా కుగ్లర్

మన వసతిగృహంలో చదువుకున్న అక్కలు ఎందరో నర్సులయ్యారు. ఏ.ఎన్.ఎం. చేసి పల్లెల్లో తిరుగుతున్నవారు కొందరైతే, జి.ఎన్.ఎం., బి.ఎస్సీ. నర్సింగ్ చేసి విజయవాడ, గుంటూరు ఆసుపత్రుల్లో రాత్రీ పగలూ డ్యూటీలు చేస్తున్నవారు మరికొందరు. ఈ సంచికకు ఎవరి జీవితం రాయాలా అని మేము ఆలోచించినప్పుడు మాకు గుర్తొచ్చిన పేరు డాక్టర్ అన్నా సారా కుగ్లర్. కృష్ణకు అవతలి ఒడ్డున, గుంటూరులో, దాదాపు 47 ఏళ్లు రోగుల మధ్య బతికి, అక్కడే కన్నుమూసిన మహనీయురాలు ఆమె.

అన్నా కుగ్లర్ 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఆర్డ్‌మోర్ అనే ఊళ్లో జన్మించారు. స్త్రీలు డాక్టరు చదువు చదవడమే వింతగా చూసే కాలమది. అయినా ఆమె పట్టుదలతో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలలో చేరి 1879లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. తర్వాత నారిస్‌టౌన్‌లోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో రెండేళ్లు పనిచేశారు. ఒంటికి తగిలిన గాయం ఎవరికైనా కనబడుతుంది. మనసుకు తగిలిన గాయాన్ని గుర్తించడం అందరికీ రాదు. ఆమె వృత్తి జీవితం అలాంటి రోగుల దగ్గరే మొదలైంది.

గుంటూరులో స్త్రీలకు వైద్యం చేసేవారు లేరని, ఒక మహిళా డాక్టరు అవసరమని అక్కడి లూథరన్ మిషనరీ రాసిన ఉత్తరం ఆమెను కదిలించింది. వస్తానని సిద్ధపడితే, మిషన్ సంఘం వారు వైద్య సేవకు తాము ఇంకా తయారుగా లేమన్నారు. డాక్టరుగా కాకపోయినా సరేనని, బోధన పనికి ఒప్పుకొని ఆమె బయలుదేరారు. 1883 నవంబరు 29న గుంటూరు చేరారు. అప్పటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద రైలు వంతెన కూడా లేదు. అది 1893లో వచ్చింది.

ఆనకట్ట పుణ్యమా అని కృష్ణా డెల్టాలో పైరు పచ్చబడింది గానీ, ఆడవాళ్ల ప్రాణానికి మాత్రం భరోసా లేదు. పరాయి మగవాడైన డాక్టరుకు చెయ్యి చూపించడం తప్పు. కాన్పు కష్టమైతే మంత్రసాని చేతిలో ఉన్నంతవరకే వైద్యం. ఆ పైన దేవుడి దయ. మద్రాసు వైద్య కళాశాలలో 1875లో స్త్రీలను చేర్చుకోవడం మొదలైనా, వారి సేవ మన పల్లెల దాకా రాలేదు. అందుకే డాక్టరమ్మ వచ్చిందని తెలియగానే స్త్రీలు ఆమె గుమ్మం తొక్కారు. మొదటి ఏడాదిలోనే నాలుగు వందల మందికి పైగా ఆమె వైద్యం చేశారు. రెండేళ్లకు, 1885 చివరలో, మిషన్ వారు ఆమెను డాక్టరుగా నియమించక తప్పలేదు.

ఇక్కడ మన వసతిగృహ విద్యార్థులందరం గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. అంత చదువుకున్న ఆ డాక్టరును అగ్రవర్ణాల ఇళ్లలో అంటరానిదానిగానే చూశారు. ఆమె తాకితే మైల. ప్రాణం నిలబెట్టడానికి ఆమె కావాలి, కానీ ఆమె స్పర్శ పనికిరాదు. మన తాతలు, ముత్తాతలు అనుభవించిన అవమానం ఎలా ఉంటుందో ఆమెకు ఆ ఇళ్ల వాకిళ్లలో కొంతైనా తెలిసి ఉండాలి. అయితే ఆమె కావాలనుకుంటే ఓడెక్కి వెళ్లిపోగలరు. మనవాళ్లకు ఆ దారి లేదు. ఈ తేడా మరువకుండానే ఆమె ఓర్పును మెచ్చుకోవాలి. అలిగి ఆమె వెళ్లిపోలేదు. పిలిచిన ప్రతి ఇంటికీ వెళ్లారు.

మన సమాజంలో పురుడూ మైలే, చావూ మైలే. మనిషి లోకంలోకి వచ్చేటప్పుడు, వెళ్లేటప్పుడు, సరిగ్గా తోడు కావలసిన ఆ రెండు వేళల్లోనే దూరంగా జరగమని ఆచారం చెబుతుంది. నర్సు ఆ రెండు వేళల్లోనూ దగ్గరికి జరుగుతుంది. అందుకే చాలా కాలం నర్సు పనిని చిన్నచూపు చూశారు. మన ప్రాంతంలో తొలినాళ్లలో ఆ పనికి ముందుకొచ్చిన వారిలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, వారిలోనూ చాలామంది మాల, మాదిగ ఇళ్ల బిడ్డలు. తమను తాకరాదన్న లోకం జబ్బు పడినప్పుడు, ఆ లోకాన్ని తాకి ఓదార్చింది వాళ్లే.

కుగ్లర్ గారు స్వదేశం వెళ్లినప్పుడు ఆసుపత్రి కోసం విరాళాలు సేకరించారు. 1893లో గుంటూరులో డిస్పెన్సరీ భవనం, 1898 జూన్‌లో 50 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. శిక్షణ పొందిన నర్సు కేథరిన్ ఫాస్, డాక్టర్ మేరీ బేర్ ఆమెకు తోడుగా వచ్చారు. ఏలూరు జమీందారు తన భార్యకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా ఆసుపత్రి ఎదుట ఒక సత్రం కట్టించారు. ఇది చిన్న విషయంగా అనిపించవచ్చు గానీ కాదు. మన ఊళ్లలో రోగి ఒంటరిగా ఆసుపత్రికి రాడు. తల్లి, చెల్లి, మేనత్త క్యారియరుతో వెంట వస్తారు. వాళ్లకు తల దాచుకునే చోటు ఇవ్వడం కూడా వైద్యంలో భాగమే. జబ్బు ఒకరిదైనా బాధ ఇంటిల్లిపాదిదీ.

ప్రభుత్వం ఆమెకు 1905లోనూ, మళ్లీ 1917లోనూ కైజర్-ఇ-హింద్ గౌరవాన్ని ఇచ్చింది. 1928లో గుంటూరు ఆసుపత్రి చరిత్రను ఆమె పుస్తకంగా ప్రచురించారు. 1930 జూలై 26న తాను కట్టించిన ఆసుపత్రిలోనే కన్నుమూశారు. తర్వాత ఆ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

ఈ జీవితం మాకు ఎందుకు అంత దగ్గరగా అనిపించిందో చెప్పాలి. ఒకసారి మా వసతిగృహంలో ఒక చెల్లికి తండ్రి పోయాడని కబురు వచ్చింది. దినాలు అయ్యాక ఆమె తిరిగి వచ్చింది. మేమంతా మంచి మనసుతోనే చుట్టూ చేరి ఏడవవద్దన్నాం. ధైర్యంగా ఉండాలన్నాం. బాగా చదివి నాన్న కోరిక తీర్చమన్నాం. ఆ పిల్ల ఏడుపు ఆపేసింది. దానితో పాటు మాట కూడా ఆపేసింది. వారం తర్వాత నర్సుగా పనిచేస్తున్న మా సీనియర్ అక్క చూడటానికి వచ్చింది. ఏ నీతీ చెప్పలేదు. ట్రంకు పెట్టె పక్కన చాప మీద కూర్చుని, మీ నాన్న నిన్ను ఏమని పిలిచేవాడని అడిగింది. ఆ చెల్లి ఆ రాత్రి భోజనాల గంట కొట్టినా లేవకుండా నాన్న గురించి చెబుతూనే ఉంది. అక్క వింటూనే ఉంది.

మేము చేసిన పొరపాటు అప్పుడు తెలిసింది. ఏడవవద్దని చెప్పింది ఆమె కోసం కాదు, ఆమె ఏడుపు చూడలేక మా కోసం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగ్ గురించి రాసిన పుస్తకంలో, రోగికి ఉత్తుత్తి ఆశలు, ఉచిత సలహాలు ఇచ్చేవారిని తప్పుపడుతూ ఒక అధ్యాయమే పెట్టారు. 1969లో డాక్టర్ ఎలిజబెత్ కూబ్లర్-రాస్ తన పుస్తకంలో, చావుకు దగ్గరైన రోగుల మనసులో నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం అనే అయిదు దశలు ఉంటాయని చెప్పారు. తర్వాత వాటిని అయినవాళ్లను పోగొట్టుకున్నవారికి కూడా వర్తింపజేశారు. నర్సింగ్ చదివే మన చెల్లెళ్లు ఇవి పరీక్షలో రాస్తారు. అయితే అందరూ ఈ మెట్లన్నీ వరుసగా ఎక్కరని కూడా నేడు తెలిసింది. ఒకరు నెలకు తేరుకుంటారు, ఒకరికి ఏళ్లు పడుతుంది. ఒకరు ఏడుస్తారు, ఒకరు పనిలో పడిపోతారు. ఎవరి దుఃఖం వారిది. తొందరపెట్టకూడదు.

అందుకే మేము కొన్ని విషయాలు నేర్చుకున్నాం. దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చోవాలి, నిలబడి మాట్లాడి వెళ్లిపోకూడదు. పోయినవారి పేరు పలకడానికి భయపడకూడదు. అంతా మన మంచికేనని అనకూడదు. మాట తోచకపోతే మౌనంగా ఉండటం తప్పు కాదు. అన్నం తినిపించడం, నోట్సు రాసి పెట్టడం కూడా ఓదార్పే. చాలాకాలం తిండి, నిద్ర మానేసినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా వెంటనే వార్డెన్‌కు చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

కుగ్లర్ గారు సముద్రాలు దాటి వచ్చి, మన భాష నేర్చుకొని, రావద్దన్న గుమ్మాల ముందు ఓపికగా నిలబడ్డారు. మనం దాటవలసింది రెండు మంచాల మధ్య దూరమే. ఈ ఏడాది ఏ చెల్లి అయినా, ఏ తమ్ముడైనా ఇంటి నుంచి చేదు కబురుతో తిరిగి వస్తే, వారి పక్కన చాప పరుచుకొని కూర్చోవడమే ఆ మహనీయురాలికి మనం అర్పించే నిజమైన నివాళి.