ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. సోదరులిద్దరు పేగుల వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించడం ఆయనను కలచివేసింది. మద్రాసులో వైద్యం అభ్యసించి అమెరికా చేరారు. రాత్రులు ఆసుపత్రిలో పనిచేస్తూ హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదివారు.

1925లో అక్కడి శాస్త్రజ్ఞుడు ఫిస్కేతో కలసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. రసాయనాలు కలిపినప్పుడు వచ్చే నీలిరంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువన్నమాట. 1948లో ఆయన కన్నుమూశారు.

రక్తపరీక్షలు నేడు మనసు దాకా వచ్చాయి. శాస్త్రజ్ఞులు రక్తంలోని కార్టిసాల్ అనే హార్మోనును కొలిచి, ఆరోగ్యవంతుల మానసిక ఒత్తిడిని అంచనా వేయజూస్తున్నారు. అయితే ఒత్తిడి లేకున్నా అది ఉదయం హెచ్చుగాను, రాత్రి తక్కువగాను ఉంటుంది. ఒక్క పరీక్షతో మనసు బరువు తేలదు. కంటికి కనిపించని దానిని కొలవాలంటే సుబ్బారావుకు ఉన్నంత ఓర్పు కావాలి.