దామెర్ల రామారావుగారు

ఆంధ్రదేశమున ఆధునిక చిత్రకళకు ప్రాణము పోసినవారిలో మొదట స్మరింపదగినవాడు దామెర్ల రామారావుగారు. ఆయన జీవించినది ఇరువదియెనిమిది సంవత్సరములకు ఒక నెల తక్కువ. ఇంత స్వల్పకాలములో అంతటి కీర్తి ఎట్లు సంపాదింపగలిగెనో మన గ్రంథాలయ పాఠకులు, ముఖ్యముగా బాలురు, తెలిసికొనదగియున్నది.

రామారావుగారు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. బాల్యమునుండియు బొమ్మలు గీయుటయే ఆయనకు ఆట. ఆ పట్టణపు కళాశాలకు ఆ కాలమున అధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. ఆయన ఈ బాలుని చేతిలోని విద్యను గుర్తించి చేరదీసెను. అడివి బాపిరాజుగారును ఆ దొర శిష్యులే. ఆ దినములలో చిత్రలేఖనమనగా అచ్చుపటములను చూచి అట్లే దింపుటయని పలువురి తలంపు. కూల్డ్రే దొర తన శిష్యుల దృష్టిని అజంతా చిత్రములవైపును, కన్నుల యెదుటనున్న లోకమువైపును మరల్చెను. ఆయన ప్రోత్సాహముననే రామారావుగారు 1916లో బొంబాయి వెళ్లి జె.జె. కళాపాఠశాలలో చేరిరి.

అచ్చట సజీవమైన మనిషిని యెదుట నిలుపుకొని గీయుట ప్రధానమైన అభ్యాసము. ఇది వినుటకు సులభము, చేయుటకు కష్టము. రాతిబొమ్మ కదలదు, మనిషి ఊపిరి పీల్చును, అలసి భుజము వాల్చును, బరువును ఒక కాలినుండి రెండవ కాలికి మార్చును. ఆ మార్పు జరుగకముందే ముఖ్యమైన గీతను పట్టవలెను. మెడ వంపు, నడుము తిరుగుడు, మోకాలి మడత, ఈ మూడును కుదిరినచో తక్కినది తరువాత నింపవచ్చును. ఇట్టి గీతకు పెన్సిలు ముక్కయు, అరచేతిలో ఇముడు కాగితమును చాలును. రామారావుగారు ఈ అభ్యాసమును పాఠశాలతో విడువలేదు. ఇంటికి వచ్చిన పిమ్మటను పెన్సిలు ఆయన చేతిని వీడలేదు. భార్యయైన సత్యవాణిగారును, ఇంటివారును ఆయన చిత్తరువులకు ఆదర్శములైరి. కులస్త్రీలు చిత్రకారుని యెదుట కూర్చుండుట వింతగా తోచిన కాలమది. ఆ కుటుంబము లోకము మాటకు వెరవక ఆయన కళకు తోడ్పడినది.

లెక్కలు వ్రాయుటయే నా వృత్తి గనుక, నాకు తెలిసిన పోలిక చెప్పెదను. ఏనాటి పద్దు ఆనాడే చిట్టాలో ఎక్కవలెను. చిట్టా సరిగా నున్నగాని ఆవర్జా నిలువదు. జ్ఞాపకముమీద వ్రాసిన ఆవర్జా చూపునకు ఎంత అందముగా నున్నను తనిఖీలో తేలిపోవును. రామారావుగారి చిన్న పెన్సిలు చిత్తరువులు చిట్టావంటివి. పెద్ద పటములు ఆవర్జావంటివి. సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకారము మొదలగు పటములలో స్త్రీమూర్తులు అంత సహజముగా ఒదిగి నిలుచుటకు కారణము వెనుకనున్న ఆ దినచర్యయే. ఋష్యశృంగుని కథను చిత్రించిన పటమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున రాజప్రతినిధి బహుమానము లభించినది. 1924లో లండను చెంత వెంబ్లీలో జరిగిన మహాప్రదర్శనమున ఆయన చిత్రములను ఉంచిరి.

బొంబాయిలోనే నిలిచియుండినచో ఆయనకు ధనమునకు కొరత లేకుండెడిది. అయినను స్వస్థలమునకు తిరిగివచ్చి, రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించి, పిన్నలకు విద్య నేర్పిరి. ఇంతలో మశూచి సోకి 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన పరమపదించిరి. ఆ వ్యాధి భూమిమీద లేకుండ పోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించినది. ఆయనకు మాత్రము ఆ మేలు అందలేదు. సత్యవాణిగారును, మిత్రులైన వరదా వెంకటరత్నముగారును ఆయన కృతులను కాపాడిరి. వెంకటరత్నముగారు కళాశాలను నడిపిరి. నేటికిని రాజమహేంద్రవరమున ఆయన పేర చిత్రశాల యున్నది. గోదావరి స్నానమునకు వెళ్లువారు ఒక గడియ అచ్చట నిలిచి రావలెనని నా మనవి.

మన సీమకును ఈ విద్య క్రొత్త కాదు. జగ్గయ్యపేట ధనంబోడుమీది స్తూపమును 1882లో బర్జెస్ దొర త్రవ్వించినపుడు బయల్పడిన మాంధాత చక్రవర్తి శిల్పము నేడు మద్రాసు మ్యూజియములో నున్నది. చేయి యెత్తిన రాజును రాతిలో నిలిపిన ఆ శిల్పి, రాతిని ముట్టుటకు ముందు మనుష్యులను ఎంత పరకాయించి చూచియుండునో ఊహింపుడు.

రామారావుగారి చేతికి రాని సాధనమొకటి నేటి బాలురకు సులభముగా దొరకుచున్నది. నూనెయు మైనమును కలిపి చేసిన రంగు బలపములు, ఆయిల్ పాస్టెల్ అనునవి, 1920 దశాబ్దపు నడుమ జపానులో పుట్టినవి. నీరు అక్కరలేదు, కుంచె అక్కరలేదు, ఆరువరకు ఆగనక్కరలేదు. పెన్సిలుతో ఆకారము పట్టి, వేలితో రంగు అద్దిన చాలును. మిరపకాయలు కోయు కూలియో, మునేటి యొడ్డున బట్టలుదుకు స్త్రీయో, అరుగుమీద కునుకుతీయు తాతయో యెదుటనుండగా అచ్చుబొమ్మలను దింపుట యెందులకు?

బొమ్మలు గీయు పిల్లవానిని చదువు చెడినదని కోపించు తండ్రులు మనలో పెక్కురు. వారికి నా విన్నపమొక్కటే. గ్రంథాలయపు బల్లమీద తెల్లకాగితములును, నాలుగు పెన్సిళ్లును ఉంచుడు. దినమునకొక మనిషిని చూచి గీయుమని పిల్లలతో చెప్పుడు. అందరును రామారావులు కాకపోవచ్చును. తోటివానిని నిదానించి చూచుట మాత్రము వారికి తప్పక అలవడును. మన గ్రంథాలయము రజతోత్సవమునుండి స్వర్ణోత్సవమునకు సాగులోపల అట్టి కాగితములు ఒక బీరువా నిండినచో, అదియే ఈ ఊరి నిజమైన చిట్టా కాగలదు.