డెట్రాయిట్ ముష్టియోధుడు జో లూయిస్

టాటానగర్ స్టేషనులో దిగి జుగ్సలాయి వీధులలో అడుగుపెట్టిన తొలితరం తెలుగువారికి, పొట్టకూటి కోసం పుట్టిన ఊరు విడిచి రావడమంటే ఏమిటో ఒకరు చెప్పవలసిన పనిలేదు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి ఉక్కు కర్మాగారాన్ని వెతుక్కుంటూ వారు బయలుదేరిన కాలంలోనే, అమెరికా దక్షిణాది పత్తిచేల నుంచి లక్షలాది నల్లజాతి కుటుంబాలు ఉత్తరాది కర్మాగారాల వైపు కదిలాయి. అలా డెట్రాయిట్ చేరిన ఒక కుటుంబంలోని పిల్లవాడే, తరువాత దాదాపు పన్నెండేళ్లపాటు ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ విజేతగా నిలిచిన జో లూయిస్.

సాక్చీలో తొలి ఉక్కు దిమ్మె వెలువడిన రెండేళ్లకు, 1914 మే 13న, అలబామా రాష్ట్రంలోని లఫాయెట్ పట్టణ సమీపాన ఆయన జన్మించారు. పూర్తి పేరు జోసెఫ్ లూయిస్ బారో. తల్లిదండ్రులు పాలికి భూమి సాగుచేసుకునే పేదలు. వారి పూర్వికులు బానిసలు. ఎనిమిది మంది సంతానంలో ఆయన ఏడవవారు. తండ్రి మతిస్థిమితం కోల్పోయి ఆసుపత్రి పాలుకాగా, తల్లి లిలీ పాట్ బ్రూక్స్ అనే వ్యక్తిని పునర్వివాహం చేసుకున్నారు. 1926లో ఆ కుటుంబం డెట్రాయిట్‌కు తరలివచ్చింది. సవతి తండ్రికి ఫోర్డు కర్మాగారంలో పని దొరికింది.

పన్నెండేళ్ల జో చదువులో వెనుకబడ్డారు. వృత్తి విద్యాలయంలో వడ్రంగం నేర్చుకున్నారు. కుమారుడు వయొలిన్ విద్వాంసుడు కావాలని తల్లి ఆశించి, పాఠాలకు రుసుము ఇచ్చి పంపేవారు. ఆ డబ్బు కాస్తా వ్యాయామశాలకు చేరింది. ఈ ఒక్క ముచ్చటను ఆయన జీవితకథ చెప్పేవారెవరూ విడిచిపెట్టరు. తల్లికి నిజం తెలిశాక ఆమె అడ్డుచెప్పలేదన్నదే అందులో అసలైన విశేషం.

ఔత్సాహిక క్రీడాకారునిగా ఆయన ఆరంభం ఏమాత్రం శుభప్రదం కాదు. 1932లో జానీ మైలర్ అనే అనుభవజ్ఞుని చేతిలో ఆ కుర్రవాడు ఏడుసార్లు నేలకొరిగి ఓడిపోయారు. ఆ అవమానంతో కొంతకాలం బాక్సింగ్ మాని, సవతి తండ్రి వెంట ఫోర్డు కర్మాగారంలో కూలికి వెళ్లారు. బరువులు తోసే ఆ పని కన్నా రింగులో దెబ్బలు తినడమే మేలనిపించిందేమో, నెలల వ్యవధిలోనే తిరిగివచ్చారు. 1934 ఏప్రిల్‌లో సెయింట్ లూయిస్ నగరంలో జాతీయ ఔత్సాహిక లైట్ హెవీవెయిట్ టైటిల్ గెలిచేనాటికి, 54 పోటీలలో 50 ఆయన వశమయ్యాయి. అందులో 43 నాకౌట్లు.

అదే ఏడాది జులై 4న చికాగోలో జాక్ క్రాకెన్‌ను తొలి రౌండులోనే పడగొట్టి వృత్తి బాక్సింగ్‌లో అడుగుపెట్టారు. అందిన ప్రతిఫలం 59 డాలర్లు. జాన్ రాక్స్‌బరో, జూలియన్ బ్లాక్ వ్యవహారాలు చూసేవారు. పాతకాలపు యోధుడు జాక్ బ్లాక్‌బర్న్ శిక్షకుడు. ముగ్గురూ నల్లజాతివారే. తొలి నల్లజాతి హెవీవెయిట్ విజేత జాక్ జాన్సన్ 1915లో పదవి కోల్పోయినప్పటి నుంచి, ఆ వర్ణంవారెవరికీ హెవీవెయిట్ కిరీటం కోసం తలపడే అవకాశం దక్కలేదు. శ్వేతజాతి మహిళల పక్కన ఫొటో దిగరాదు, పడిపోయిన ప్రత్యర్థిని చూసి ఉల్లాసం చూపరాదు, ఒంటరిగా నైట్‌క్లబ్బుకు పోరాదు అంటూ రాక్స్‌బరో విధించిన నియమాలు అందుకే. ఇరవై ఏళ్ల యువకునికి నవ్వు కూడా లెక్కప్రకారం నవ్వవలసిన స్థితి అది.

1935లో మాజీ విజేతలు ప్రిమో కార్నెరా, మాక్స్ బేర్ ఆయన ధాటికి నిలవలేకపోయారు. బేర్‌తో పోటీకి కొద్ది గంటల ముందే ఆయన మార్వా ట్రాటర్‌ను వివాహమాడారు. ఆ తరువాత వచ్చిన నిర్లక్ష్యం సహజమే. గోల్ఫ్ ఆట మోజులో సాధన తగ్గింది. ఎడమచేతితో గుద్దిన తరువాత ఆ చేతిని కిందికి జార్చే ఆయన అలవాటును జర్మన్ యోధుడు మాక్స్ ష్మెలింగ్ చలనచిత్రాలు చూసి పసిగట్టారు. 1936 జూన్ 19న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో పన్నెండవ రౌండులో లూయిస్ నాకౌట్ అయ్యారు. జాతి ఆధిక్యతకు రుజువు దొరికిందని నాజీ ప్రచారకులు సంబరపడ్డారు.

1937 జూన్ 22న చికాగోలో జేమ్స్ బ్రాడాక్‌ను ఎనిమిదవ రౌండులో ఓడించి ఆయన ప్రపంచ విజేత అయ్యారు. అయినా ష్మెలింగ్ లెక్క తేలనిదే ఆ కిరీటానికి అర్థం లేదని ఆయన భావించారు.

సరిగ్గా ఏడాదికి, 1938 జూన్ 22న, అదే యాంకీ స్టేడియంలో ఇద్దరూ మళ్లీ ఎదురుపడ్డారు. స్టేడియంలో డెబ్బై వేల మంది; రేడియో ముందు అమెరికాలోనే దాదాపు ఏడు కోట్ల మంది అని అంచనా. తీరికగా విందామని కూర్చున్న శ్రోతలకు ఆ వ్యవధి చిక్కలేదు. 2 నిమిషాల 4 సెకన్లలో పోటీ ముగిసింది. ష్మెలింగ్ పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఆయన నాజీ పార్టీలో చేరలేదు. అదే ఏడాది నవంబరులో యూదులపై దాడులు జరిగినప్పుడు, ఇద్దరు యూదు బాలురను బెర్లిన్‌లోని తన హోటల్ గదిలో దాచారు.

1941లో బిల్లీ కాన్‌తో జరిగిన పోటీలో ఓటమి అంచుదాకా వెళ్లి, పదమూడవ రౌండులో గెలిచారు. మరుసటి ఏడాది జనవరిలో బడ్డీ బేర్‌పై పోటీలో తన వాటాను నౌకాదళ సహాయనిధికి ఇచ్చి, వెనువెంటనే సైన్యంలో చేరారు. మార్చిలో ఏబ్ సైమన్‌పై గెలిచిన సొమ్ము సైనిక సహాయనిధికి చేరింది. సైన్యంలోనూ నల్లవారికి వేరే దళాలే. ఫోర్ట్ రైలీలో జాకీ రాబిన్సన్ తదితర నల్లజాతి సైనికులకు అధికారుల శిక్షణలో ప్రవేశం నిరాకరించగా, లూయిస్ తన పలుకుబడి వాడి ఆ తలుపులు తెరిపించారు. సైనికుల ఎదుట 96 ప్రదర్శన పోటీలు ఆడారు. 1944లో మన చాకులియా విమానస్థావరంలో అమెరికన్ బాంబర్లు దిగినప్పుడు ఆయన వేరే ఖండాలలో పర్యటిస్తున్నారు.

1949 మార్చి 1న విరమణ ప్రకటించేనాటికి 25 సార్లు టైటిల్ నిలుపుకున్నారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగనీయలేదు పన్నుల శాఖ. దానం చేసిన పోటీల సొమ్మును సైతం ఆయన ఆదాయంగానే లెక్కించారు. ఆయన చేతి వాటమూ ఎక్కువే, అడిగినవారికి లేదనలేదు. బాకీ వడ్డీలతో పది లక్షల డాలర్లు దాటింది. దేశ సహాయనిధికి ఇచ్చిన డబ్బు మీద దేశమే పన్ను అడగడం కన్నా విడ్డూరం ఈ కథలో మరొకటి లేదు. 1950లో ఎజర్డ్ చార్ల్స్ చేతిలో, 1951 అక్టోబరు 26న రాకీ మార్సియానో చేతిలో ఓడి, శాశ్వతంగా రింగు విడిచారు. 69 పోటీలలో 66 విజయాలు, మూడు ఓటములు. తరువాత కుస్తీ ప్రదర్శనలలో కూడా కనిపించారు.

చివరి సంవత్సరాలలో లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ హోటల్‌లో అతిథులకు స్వాగతం పలికే ఉద్యోగం చేశారు. 1970లో మానసిక చికిత్స, 1977లో గుండె శస్త్రచికిత్స, ఆపైన చక్రాల కుర్చీ. 1981 ఏప్రిల్ 11 రాత్రి అక్కడే లారీ హోమ్స్ పోటీని వీక్షించి, మరునాడు కన్నుమూశారు. అధ్యక్షుడు రీగన్ నిబంధనలు సడలించగా, ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఖననం జరిగింది. 1954 నుంచి స్నేహితునిగా మెలిగి, కష్టకాలంలో చేయూతనిచ్చిన ష్మెలింగ్ అంత్యక్రియల ఖర్చులోనూ పాలుపంచుకున్నారు.